సెల్ టవరు – మన ఆరోగ్యం (బ్రాడీపేట మేడల మీంచి ఒక సైన్సు పాఠం)

ఈసారి గోడపత్రిక విజ్ఞాన శీర్షికలో సెల్ టవర్ల నుంచి వచ్చే రేడియేషన్ గురించి తెలుసుకుందాం. లెక్కలు కొంచెం ఉన్నాయి, కానీ గుణకారం, భాగహారం వస్తే చాలు. ఆరో తరగతి తమ్ముళ్ళు లెక్కల దగ్గర పెద్దవాళ్ళని పక్కన నిలబెట్టుకుని చదవండి.

ప్రశ్న ఎక్కడ పుట్టింది?

గుంటూరు వెళ్ళినవాళ్ళకి బ్రాడీపేట తెలుసు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అడ్రసు చెప్పుకునే పేట. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర నిలబడి తల పైకెత్తి చూడండి. కింద కొట్టు, దాని పైన కోచింగ్ సెంటరు, ఆ పైన కాపురాలు, అన్నిటికీ పైన డాబా మీద ఇనప స్తంభాలు, వాటికి తగిలించిన తెల్లటి పొడుగాటి పెట్టెలు. మేడకీ మేడకీ మధ్య సందు చాలా తక్కువ.

డాబా మీద టవరు పెడితే అద్దె ఇంటి ఓనరుకి వస్తుంది. ఎదురింటి మూడో అంతస్తులో ఉన్నవాళ్ళకి అద్దె రాదు, భయం వస్తుంది. "పిల్లల తలనొప్పి దీనివల్లేనా? కేన్సరు వస్తుందా?" అని అడుగుతారు. కొందరు "అంతా ఉత్తదే" అంటారు. ఇంకొందరు "పిచ్చుకలన్నీ చచ్చిపోయాయి, రేపు మనమే" అంటారు. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఒక్క అంకె ఉండదు. అంకె లేకుండా ధైర్యం చెప్పినా, భయపెట్టినా రెండూ ఒకటే. అందుకే మనం అంకెల దగ్గరికి వెళదాం.

టవరు నుంచి వచ్చేది ఏమిటి?

ఆ తెల్ల పెట్టెల్ని యాంటెన్నాలు అంటారు. వాటి నుంచి వచ్చేవి రేడియో తరంగాలు. వెలుతురు, ఎండ వేడి, ఎక్స్ కిరణాలు, రేడియో తరంగాలు – ఇవన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబం పేరు విద్యుదయస్కాంత తరంగాలు. అన్నిటి వేగం ఒక్కటే, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. తేడా అంతా పౌనఃపున్యంలో, అంటే సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తాయి అన్నదానిలో ఉంది.

సెల్ టవర్లు వాడే ఒక పౌనఃపున్యం 900 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకి 90 కోట్ల కంపనాలు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. చేసి చూడండి, సుమారు 33 సెంటీమీటర్లు. మీ పెట్టెలో ఉన్న పొడుగు స్కేలు కంటే కాస్త ఎక్కువ.

రేడియేషన్ అనే మాట వినగానే మనకి హిరోషిమా, ఎక్స్‌రే గది గుర్తొస్తాయి. కానీ రేడియేషన్ రెండు రకాలు. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు పరమాణువు నుంచి ఎలక్ట్రానుని ఊడగొట్టగలవు. దీన్ని అయనీకరణం అంటారు. అవి మన కణాల్లో డి.ఎన్.ఎ.ని నేరుగా తెంచగలవు. రేడియో తరంగాలకి ఆ శక్తి లేదు. ఎలక్ట్రానుని ఊడగొట్టడానికి కావలసిన శక్తితో పోలిస్తే 900 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక్కొక్క శక్తి పొట్లం సుమారు 30 లక్షల రెట్లు చిన్నది. గులకరాళ్ళు ఎన్ని వేసినా బండరాయి పగలదు కదా! అలాగన్నమాట.

మరి అవి ఏమీ చెయ్యవా? చేస్తాయి. వేడి చేస్తాయి. మన ఒంట్లో నీరు ఎక్కువ. బలమైన రేడియో తరంగాలు తగిలితే ఆ నీరు వేడెక్కుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో అన్నం వేడెక్కేది ఇందువల్లే. రుజువైన హాని ఇదే. అందుకే ప్రపంచంలోని చాలా హద్దులు ఒంటిని వేడెక్కనివ్వకూడదన్న లెక్క మీదే కట్టారు.

దూరం లెక్క

ఇప్పుడు పాఠంలో ముఖ్యమైన భాగం. ఒక యాంటెన్నాకి 20 వాట్ల సామర్థ్యం ఇచ్చారనుకుందాం. ఇది మన గదిలో వెలిగే ట్యూబులైటు వాడుకునే కరెంటు కంటే ఎక్కువేమీ కాదు. కానీ యాంటెన్నా ఆ శక్తిని నాలుగు వైపులా చల్లదు. టార్చిలైటులాగా ముందుకి పోగుచేసి పంపుతుంది. మామూలు యాంటెన్నా సుమారు 50 రెట్లు పోగుచేస్తుంది. కాబట్టి దాని ఎదురుగా నిలబడినవాడికి 20 × 50 = 1000 వాట్ల దీపం ఎదుట ఉన్నట్టు లెక్క.

ఆ శక్తి దూరం పోయేకొద్దీ పరుచుకుంటుంది. ఎంత మేర పరుచుకుంటుందంటే గోళం ఉపరితల వైశాల్యమంత, అంటే 4 × 3.14 × దూరం × దూరం. 1000ని దీనితో భాగిస్తే ఒక్కో చదరపు మీటరు మీద ఎన్ని వాట్లు పడతాయో తెలుస్తుంది.

10 మీటర్ల దగ్గర: 1000 ÷ 1256 = 0.80 వాట్లు
20 మీటర్ల దగ్గర: 1000 ÷ 5024 = 0.20 వాట్లు
50 మీటర్ల దగ్గర: 1000 ÷ 31400 = 0.032 వాట్లు
100 మీటర్ల దగ్గర: 1000 ÷ 125600 = 0.008 వాట్లు

దూరం రెండింతలైతే శక్తి నాలుగోవంతుకి పడిపోతుంది. దూరం పదింతలైతే నూరోవంతుకి పడిపోతుంది. దీన్నే విలోమ వర్గ నియమం అంటారు. పదో తరగతివాళ్ళు మళ్ళీ మళ్ళీ చదవండి. బ్రాడీపేటలో పది మీటర్లకీ, యాభై మీటర్లకీ ఉన్న తేడా ఇరవై అయిదు రెట్లు!

మన దేశపు హద్దు ఎంత?

అయనీకరణం చెయ్యని రేడియేషన్ మీద ఒక అంతర్జాతీయ సంఘం ఉంది. దాన్ని ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. అంటారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర సామాన్య జనానికి చదరపు మీటరుకి 4.5 వాట్లు దాటకూడదని ఆ సంఘం చెప్పింది. మన దేశం 2008లో ఆ హద్దుని తీసుకుంది. జనంలో భయం పెరగడంతో, 2012 సెప్టెంబరు 1 నుంచి దాన్ని పదోవంతుకి తగ్గించింది.

900 మెగాహెర్ట్జ్‌కి: 0.45 వాట్లు
1800 మెగాహెర్ట్జ్‌కి: 0.9 వాట్లు
2100 మెగాహెర్ట్జ్, ఆ పైన: 1 వాటు

ఇప్పుడు మన పట్టికని మళ్ళీ చూడండి. 20 మీటర్ల దగ్గర 0.20. హద్దు లోపలే ఉంది. 10 మీటర్ల దగ్గర 0.80. హద్దు దాటింది! అంటే ఒకే టవరు ఒకరికి ఏమీ చెయ్యదు, ఇంకొకరి కిటికీ దగ్గర చట్టం దాటవచ్చు. "టవరు ప్రమాదమా?" అనే ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. "ఏ టవరు, ఎంత దూరం, ఎటు తిరిగి ఉంది?" అని అడగాలి.

ఇంకో పోలిక. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. దాని ముందు 0.45 ఎంత చిన్నదో చూడండి. అయితే ఈ పోలికతో మొత్తం తేలిపోయిందని అనుకోకూడదు. ఎండ చర్మం దగ్గర ఆగిపోతుంది, రేడియో తరంగం ఇంకాస్త లోపలికి పోతుంది. ఎండ సాయంత్రానికి పోతుంది, టవరు రాత్రింబగళ్ళు పని చేస్తుంది. అందుకే దానికి విడిగా హద్దు పెట్టారు.

టార్చిలైటు నీడ

చాలామంది టవరు కిందే ఎక్కువ ప్రమాదం అనుకుంటారు. టార్చిలైటుని అడ్డంగా పట్టుకోండి. వెలుతురు ఎక్కడ పడింది? ముందు గోడ మీద. మీ కాళ్ళ మీద చాలా తక్కువ. యాంటెన్నా కూడా అంతే. టవరు ఉన్న మేడలో కింది అంతస్తులవాళ్ళకి తగిలేది తక్కువ. పైగా మధ్యలో కాంక్రీటు స్లాబు అడ్డం ఉంటుంది. అదే ఎత్తులో, ఎదురుగా, దగ్గరగా ఉన్న మేడవాళ్ళకి ఎక్కువ తగులుతుంది.

పొలాల మధ్య టవరుకి ఈ చిక్కు లేదు. పత్తి చేలో అంత ఎత్తున ఇల్లు ఎవరికి ఉంటుంది? బ్రాడీపేటలాంటి చోట పాత మేడ మీద టవరు ముందు వస్తుంది, తర్వాత పక్క స్థలంలో ఇంకా ఎత్తయిన అపార్టుమెంటు లేస్తుంది. నిన్నటిదాకా గాలిలోకి పోయిన తరంగం ఇవాళ ఒకరి పడకగదికి ఎదురవుతుంది.

అందుకే కేంద్ర టెలికాం శాఖ రాష్ట్రాలకి ఇచ్చిన సూచనల్లో ఒక పట్టిక ఉంది. యాంటెన్నాకి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో ఇంత దూరం లోపల ఇల్లు ఉండకూడదని అందులో చెప్పారు.

1 యాంటెన్నా అయితే: 20 మీటర్లు
2 యాంటెన్నాలు: 35 మీటర్లు
4 యాంటెన్నాలు: 45 మీటర్లు
6 యాంటెన్నాలు: 55 మీటర్లు
12 యాంటెన్నాలు: 75 మీటర్లు

యాంటెన్నాలు పన్నెండింతలైతే దూరం పన్నెండింతలు కాలేదు, నాలుగింతలు కూడా కాలేదు. ఎందుకో చెప్పగలరా? దూరం వర్గంగా పనిచేస్తుంది కాబట్టి.

ఒకే డాబా మీద రెండు మూడు కంపెనీలు ఉంటే ఎవరికి వాళ్ళు "మాది హద్దులోనే ఉంది" అనుకుంటే కుదరదు. ఒక్కొక్కరిది హద్దులో ఎన్నో వంతో చూసి ఆ వంతులన్నీ కలపాలి. మొత్తం ఒకటి దాటకూడదు. అర, పావు, మూడోవంతు కలిపితే ఎంత? లెక్క చేసి చూడండి, దాటిపోయింది!

కేన్సరు సంగతి ఏమిటి?

దీన్ని దాచకుండా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సరు పరిశోధనా సంస్థ 2011 మే నెలలో రేడియో తరంగాలని 2బి అనే గుంపులో చేర్చింది. "కేన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు, కానీ సాక్ష్యం పరిమితం" అని ఆ గుంపు అర్థం. ఆ సాక్ష్యం కూడా ముఖ్యంగా ఫోను చెవికి ఆనించి చాలాసేపు మాట్లాడేవాళ్ళ గురించే వచ్చింది.

అదే సంస్థ మొదటి గుంపులో, అంటే కేన్సరు కలిగిస్తుందని రుజువైన గుంపులో, ఏముందో తెలుసా? పొగాకు. మన గుంటూరు, ప్రకాశం నేలలో పండేదే. చుట్ట కాలుస్తూ టవరుని చూసి భయపడే తాతలకి ఈ ముక్క చెప్పండి.

2018లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన పెద్ద పరిశోధన వెలువడింది. రోజుకి 9 గంటల చొప్పున రెండేళ్ళపాటు, ఒళ్ళంతా, చాలా ఎక్కువ మోతాదు ఇస్తే మగ ఎలుకల గుండెలో కొన్ని కణుతులు కనిపించాయి. మనుషుల సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగి చేయించిన ఒక సమీక్ష 2024లో వచ్చింది. 63 అధ్యయనాలు కలిపి చూసి, ఫోను వాడకానికీ మెదడు కేన్సరుకీ సంబంధం కనపడలేదని అది చెప్పింది. కాబట్టి నేటి సైన్సు మాట ఇది: హద్దు లోపల ఉన్న టవరు వల్ల జబ్బు వస్తుందని రుజువు లేదు. పరిశోధన మాత్రం ఆపలేదు.

కోర్టు సంగతి కూడా ఒకటి ఉంది. 2017లో సుప్రీంకోర్టు, గ్వాలియర్‌లో ఒక కేన్సరు రోగి వేసిన కేసులో పక్కింటి మీది టవరుని ఆపమంది. దానివల్ల ఒక మనిషికి ఊరట దొరికింది. కానీ కోర్టు ఉత్తర్వు వేరు, ప్రయోగంలో తేలిన నిజం వేరు. మరోపక్క 2021లో, కరోనా రెండో అల 5జి పరీక్షల వల్లే వచ్చిందని పుకారు లేచింది. అప్పటికి మన దేశంలో 5జి మొదలే కాలేదు! అది 2022 అక్టోబరు 1న మొదలైంది.

టవరు తీసేస్తే బాధ పోతుందా?

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫోను కూడా రేడియో తరంగాలు పంపుతుంది. టవరు దగ్గరగా ఉంటే ఫోను మెల్లగా మాట్లాడుతుంది. దూరమైతే అరుస్తుంది, అంటే సామర్థ్యం పెంచుకుంటుంది. పాత 2జి ఫోను అత్యధికంగా 2 వాట్ల దాకా, 4జి ఫోను 0.2 వాట్ల దాకా పంపగలవు. అంకె చిన్నదే, కానీ అది చెవిని ఆనుకుని ఉంటుంది. దూరం లెక్క గుర్తుందిగా! టవరుని ఊరి అవతలికి తరిమితే గోడకి తగిలేది తగ్గి తలకి తగిలేది పెరుగుతుంది.

ఫోనుకి కూడా మన దేశంలో హద్దు ఉంది. కిలో బరువుకి 1.6 వాట్లు. ఫోనులో *#07# నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనిపిస్తుంది. సార్ల ఫోనులో చూపించమని అడగండి.

గూడెం సంగతి

ఇప్పుడు మన ఊళ్ళవైపు చూద్దాం. బ్రాడీపేటలో టవరు ఎక్కువైందని గొడవ. నల్లమలలో ఎన్నో చెంచు గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. మన్యంలో నెలలు నిండిన తల్లిని డోలీలో మోసుకొచ్చిన వార్తలు మనం విన్నాం. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది. కానీ 108 అని నొక్కితే పోవాలి కదా! పాము కరిచిన మనిషికి సిగ్నల్ లేకపోవడం కూడా ఆరోగ్య సమస్యే.

2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జి ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకే రోజు 100 టవర్లు ప్రారంభించారు. వాటిలో ఎక్కువ అల్లూరి సీతారామరాజు జిల్లాలోవి. ఇంకా రావాలి.

మన గూడేనికి టవరు వచ్చేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి "వద్దు, పిల్లలు పుట్టరు, అడవి చస్తుంది" అంటారు. అప్పుడు ఈ పాఠం చదివినవాళ్ళు లేచి నిలబడాలి. టవరు వద్దనకండి. "ఎక్కడ పెడతారు? బడికీ, ఇళ్ళకీ ఎదురుగా ఎత్తులో లేదు కదా?" అని అడగండి. బ్రాడీపేటలో జాగా లేక ఇరుకున పెట్టారు. మన దగ్గర జాగా ఉంది. మొదటే సరిగ్గా పెట్టించుకోవచ్చు.

కొలిపించడం ఎలా?

2017 మే 2న కేంద్ర టెలికాం శాఖ తరంగ్ సంచార్ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. మన చుట్టుపక్కల ఏ టవరు ఉందో, అది హద్దులో ఉందో లేదో కంప్యూటరులో చూసుకోవచ్చు. అనుమానం ఉంటే మన ఇంటికే వచ్చి కొలవమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి 4000 రూపాయలు రుసుము పెట్టారు. హద్దు దాటిన కంపెనీకి వేసే జరిమానాని 2013లో 10 లక్షల రూపాయలకి పెంచారు.

ఇరవై కాపురాలున్న అపార్టుమెంటుకి 4000 అంటే ఇంటికి 200. మిర్చి కల్లంలో కూలి చేసే కుటుంబానికి అది చాలా రోజుల కూలి. తెలుసుకునే హక్కు అందరికీ ఉన్నా, దాని ఖరీదు అందరికీ ఒకేలా బరువు కాదు. పేదవాళ్ళ వాడల్లో, బళ్ళ దగ్గర అధికారులే వచ్చి ఉచితంగా కొలిచి, ఆ అంకెని నోటీసు బోర్డు మీద రాస్తే బాగుంటుందని మన విన్నపం.

గుర్తుంచుకోవలసినవి

1. డాబా మీద యాంటెన్నా ఎదురుగా ఆడుకోకూడదు, బట్టలు ఆరెయ్యకూడదు. హెచ్చరిక బోర్డు, తాళం ఉండాలి.
2. పాత మేడ మీద టవరు ఉంటే బరువు మోయగలదని ఇంజనీర్ల ధ్రువపత్రం ఉండాలి. తరంగం కంటే ముందు స్లాబు కూలవచ్చు.
3. జనరేటరు పొగ, మోత కూడా ఫిర్యాదు చెయ్యదగినవే.
4. సిగ్నల్ తక్కువ ఉన్నచోట ఎక్కువసేపు మాట్లాడకండి. ఫోను తలకింద పెట్టుకుని పడుకోకండి.
5. ఎప్పుడూ తగ్గని తలనొప్పి ఉంటే టవరు మీద తోసెయ్యకుండా డాక్టరుకి చూపించండి. కళ్ళ జబ్బు కావచ్చు, రక్తహీనత కావచ్చు.

చేసి చూడండి

ఒకటి: గళ్ళ కాగితాన్ని గోడకి అంటించండి. రాత్రి దీపం ఆర్పి, టార్చిలైటుని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని వెలుతురు ఎన్ని గళ్ళ మీద పడిందో లెక్కపెట్టండి. తర్వాత 60 సెంటీమీటర్ల దూరంలో. సుమారు నాలుగింతలు గళ్ళు వస్తాయి. వెలుతురు అంతే పలచబడింది.

రెండు: వార్డెన్ గారి అనుమతితో ఒక ఫోనుని అల్యూమినియం రేకు కాగితంలో ఖాళీ లేకుండా రెండు మూడు పొరలు చుట్టండి. ఇంకో ఫోనుతో రింగ్ చెయ్యండి. చాలాసార్లు "అందుబాటులో లేదు" అని వస్తుంది. ఎందుకు?

ప్రశ్నలు

1. పై లెక్కలోని యాంటెన్నాకి ఎదురుగా 40 మీటర్ల దగ్గర చదరపు మీటరుకి ఎన్ని వాట్లు పడతాయి?
2. అలాంటివి నాలుగు, ఒకే వైపు తిరిగి, 900 మెగాహెర్ట్జ్‌లోనే ఉంటే 20 మీటర్ల దగ్గర హద్దు దాటుతుందా?
3. మీ ఊళ్ళో టవరు ఉందా? ఉంటే దానికి ఎదురుగా, అదే ఎత్తులో ఏముంది? లేకపోతే సిగ్నల్ కోసం ఎంత దూరం నడుస్తారు? సెలవుల్లో అడుగులు కొలిచి రాసుకుని రండి.

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి, గోడపత్రిక పెట్టెలో వెయ్యండి. మూడో ప్రశ్నకి వచ్చిన జవాబులన్నీ వచ్చే సంచికలో ఊరి పేర్లతో పట్టిక వేసి పెడతాం.